నది బాగుపడాలంటే వాగుల దగ్గర మొదలుపెట్టాలి

హోస్ట్: నమస్కారం. ఈరోజు మనం నదీ కాలుష్యం గురించి మాట్లాడుకుందాం. ఫ్యాక్టరీల సంగతి ఇంకోసారి. పొలాల నుంచి కొట్టుకొచ్చే నత్రజని, భాస్వరం, మలంతో వచ్చే బ్యాక్టీరియా, ఇవే ఈసారి విషయం. నీటి నాణ్యత మీద ఏళ్లుగా పనిచేస్తున్న మేడమ్ మనతో ఉన్నారు. మేడమ్, ఎరువంటే పైరుకు బలం కదా, అదే నదిలోకి వస్తే ఎందుకు ముప్పు?

అతిథి: నదిలో కూడా అది బలమేనండి. కాకపోతే ఆ బలమంతా నాచుకు పోతుంది. నీళ్ల మీద పచ్చటి తెట్టు కడుతుంది, కొన్నాళ్లకు చచ్చి అడుగుకు దిగుతుంది. దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నీళ్లలోని ఆక్సిజన్ లాగేసుకుంటాయి. లీటరుకు 2 మిల్లీగ్రాముల కంటే తగ్గిందంటే చేపలు అక్కడి నుంచి పారిపోవాలి, లేదంటే చావాలి.

హోస్ట్: నత్రజని, భాస్వరం రెండిట్లో ఏది ఎక్కువ ప్రమాదం?

అతిథి: దీని మీద కెనడాలో మంచి ప్రయోగం జరిగింది. 1973లో అంటారియోలోని 226 నంబరు సరస్సుకు శాస్త్రవేత్త డేవిడ్ షిండ్లర్ బృందం నడుమ అడ్డంగా తెర కట్టింది. ఒక సగంలో కార్బన్, నత్రజని కలిపారు. రెండో సగంలో వాటితో పాటు భాస్వరం కూడా వేశారు. ఆ రెండో సగమే పచ్చగా నాచు పట్టింది. పైనుంచి తీసిన ఫొటోలో తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. అయితే సముద్ర తీరానికి వెళ్లేసరికి చాలాచోట్ల నత్రజనిదే పైచేయి. నది చివరికి చేరేది అక్కడికే కాబట్టి రెండూ తగ్గించాల్సిందే.

హోస్ట్: అయితే గట్టు వెంట చెట్లు, గడ్డి పెంచితే రెండూ ఆగిపోతాయా?

అతిథి: అందరూ మొదట అడిగేది ఇదే. ఈ రెండూ వచ్చే దారులు వేరండి. భాస్వరం ఎక్కువగా మట్టిని పట్టుకుని వస్తుంది. గడ్డిపట్టీ ఉంటే వరద వేగం తగ్గి మట్టి అక్కడే దిగిపోతుంది. నత్రజని ఎక్కువగా నైట్రేట్ రూపంలో వస్తుంది. అది అలా కాదు, నీళ్లలో కరిగి నేలలోకి ఇంకి, భూగర్భజలంతో నెమ్మదిగా వాగులోకి ఊరుతుంది. దాన్ని ఆపాలంటే లోతైన వేర్లు కావాలి, లేదా గాలి ఆడని తడి నేల కావాలి. అలాంటి నేలలో బ్యాక్టీరియా నైట్రేట్‌ను నత్రజని వాయువుగా మార్చి గాలిలోకి వదిలేస్తుంది. పొలం కింద డ్రెయినేజీ పైపులు వేసి ఉంటే మాత్రం నీరు గడ్డిపట్టీని తప్పించుకుని నేరుగా వాగులో పడుతుంది. పైన ఎన్ని చెట్లు నాటినా ఆ నీటిని ఆపలేం.

హోస్ట్: మరి బ్యాక్టీరియా సంగతి?

అతిథి: మనుషుల, పశువుల పేగుల్లో ఉండే ఇ.కోలి అనే బ్యాక్టీరియాను మేం లెక్కిస్తాం. చాలా ఇ.కోలి రకాలు వాటంతట అవి హాని చేయవు కానీ, నీళ్లలో మలం కలిసిందని చెబుతాయి. ఈత కొట్టే నీళ్లకు అమెరికా పర్యావరణ సంస్థ 2012లో సిఫారసు చేసిన ప్రమాణాల్లో ఒకటి, 100 మిల్లీలీటర్లకు సగటున 126. సగటు అంటే ఒక్క శాంపిల్‌తో తేలదు.

హోస్ట్: శాంపిల్ ఎలా తీస్తారు?

అతిథి: ప్రవాహానికి ఎదురుగా నిలబడాలి. లేకపోతే మన కాళ్లు కదిపిన అడుగు మట్టి సీసాలోకి వస్తుంది, ఆ మట్టిలో కూడా బ్యాక్టీరియా బతికి ఉంటుంది. శుద్ధి చేసిన సీసా మూతి లోపల వేలు తగలకూడదు. సీసాను బోర్లించి ముంచి, నీటి లోపలే ప్రవాహం వైపు తిప్పాలి. వెంటనే ఐస్‌లో పెట్టి గంటల్లోనే ల్యాబ్‌కు చేర్చాలి. అక్కడ ఇంక్యుబేటర్‌లో దాదాపు ఒక రోజు ఉంచాక గానీ ఫలితం రాదు. అందుకే ఈరోజు నీళ్లలో దిగొచ్చా అన్న ప్రశ్నకు జవాబు రేపు దొరుకుతుంది.

ఇంకో మాట, ఎప్పుడు తీశామన్నది చాలా ముఖ్యం. వాన లేని రోజుల్లో కూడా లెక్క ఎక్కువగా ఉందంటే ఎక్కడో నిత్యం కారుతోందని అనుమానించాలి. పాడైన సెప్టిక్ ట్యాంకో, పగిలిన మురుగు పైపో, వాగులో నిలబడే పశువులో కారణం కావచ్చు. వాన పడ్డాకే పెరిగితే నేల మీది పేడ, చెత్త కొట్టుకొస్తున్నట్టు. అప్పటికీ తేలకపోతే డీఎన్‌ఏ పరీక్ష ఉంది, ఆ మలం మనిషిదా పశువుదా చెప్పగలదు.

హోస్ట్: ఎక్కడ మొదలుపెట్టాలో అలా తెలుస్తుందన్నమాట.

అతిథి: బ్యాక్టీరియా విషయంలో అవును. ఎరువుల విషయంలో ప్రవాహాన్ని కూడా కలిపి లెక్కేయాలి. సెకనుకు 1 ఘనమీటరు పారే వాగులో లీటరుకు 1 మిల్లీగ్రాము నత్రజని ఉంటే, రోజుకు 86.4 కిలోలు దిగువకు పోతున్నట్టు. చూడటానికి చెడ్డగా ఉండే చిన్న కాలువ కంటే, తేటగా కనిపించే పెద్ద వాగే ఎక్కువ మోసుకుపోతూ ఉండొచ్చు.

హోస్ట్: కాచి తాగితే సరిపోదా అని చాలామంది అడుగుతారు మేడమ్.

అతిథి: బ్యాక్టీరియా చస్తుంది. నైట్రేట్ మాత్రం పోదు, నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. కొన్ని నాచుల విషం కూడా అంతే. 2014 ఆగస్టులో అమెరికాలోని టొలీడోలో ఈరీ సరస్సు నాచు విషం కుళాయి నీళ్లలోకి వచ్చింది. కాచినా తాగొద్దని 4 లక్షల మందికి పైగా జనానికి హెచ్చరిక ఇచ్చారు.

హోస్ట్: టెన్షన్ పుట్టించే విషయమే. బాగు చేయడం మొదలుపెడితే ఎన్నాళ్లకు ఫలితం కనిపిస్తుంది?

అతిథి: పశువులు వాగులోకి దిగకుండా కంచె వేసి, బయట నీళ్ల తొట్టి పెట్టండి, సెప్టిక్ ట్యాంకులు బాగు చేయించండి. బ్యాక్టీరియా నెలల్లోనే తగ్గవచ్చు. నైట్రేట్ అలా కాదు, ఎప్పుడో నేలలో ఇంకింది ఏళ్ల తరబడి, ఒక్కోచోట దశాబ్దాల పాటు వస్తూనే ఉంటుంది. అమెరికాలోని చెసపీక్ అఖాతం కోసం 2010లో 6 రాష్ట్రాలకు, వాషింగ్టన్ డీసీకి కలిపి 2025 లక్ష్యంగా పరిమితులు పెట్టారు. మురుగునీటి శుద్ధి కేంద్రాల్లో నత్రజని, భాస్వరం బాగా తగ్గాయి, పొలాల నుంచి వచ్చేది మాత్రం అంత తగ్గలేదు. నా అభిప్రాయం అడిగితే, డబ్బు ముందు మూలం దగ్గరే ఖర్చు పెట్టాలి. భూసార పరీక్ష చేయించి అవసరమైనంతే ఎరువు వేయడం, వాన ముంచుకొస్తుంటే వేయకుండా ఆగడం, పేడను కప్పి నిల్వ చేయడం, పంట లేని కాలంలో నేలను ఖాళీగా వదలకపోవడం. గట్టు మీది పట్టీ వీటి తర్వాత.

హోస్ట్: ఒక చిన్న బృందం ఈ నెలలోనే పని మొదలుపెట్టాలనుకుంటే?

అతిథి: వాన లేని వారం ఎంచుకోండి. నదిలో కలిసే ప్రతి వాగుకూ, కలిసే చోటికి కాస్త ఎగువన ఒక శాంపిల్ తీయండి. ఎక్కువ వచ్చిన వాగు పట్టుకుని, చీలిక చీలికకూ తీస్తూ పైకి నడవండి. లెక్క ఒక్కసారిగా పడిపోయిన చోట ఆగండి. కారణం మీరు అప్పుడే దాటొచ్చిన ఆ ముక్కలోనే ఉంటుంది.