ఎర్త్ ట్యూబ్ పాతే ముందు ఈ లెక్క చూడండి

నమస్కారం. ఇంటి పక్కన రెండు మూడు మీటర్ల లోతున ఒక పొడవాటి పైపు పాతి, బయటి గాలిని అందులోంచి ఇంట్లోకి లాగితే, ఎండాకాలంలో చల్లబడి వస్తుంది, చలికాలంలో వెచ్చబడి వస్తుంది. దీన్నే ఎర్త్ ట్యూబ్ అంటారు. ఆలోచన పాతదే. ఇటలీలో విచెంజా దగ్గర కోస్తోజ్జాలో 16వ శతాబ్దంలోనే కొండ గుహల్లోని చల్లగాలిని సొరంగాల గుండా భవనాల్లోకి తెచ్చుకున్నారు. ఫ్రెంచివాళ్లు దీన్ని చలికాలానికి వాడితే కెనడా బావి అంటారు, ఎండాకాలానికి వాడితే ప్రొవాన్స్ బావి అంటారు.

నాకు ఈ పద్ధతి ఇష్టం. అందుకే, ఇది పెడితే ఏసీ అక్కర్లేదని ఎవరైనా తవ్వకం మొదలుపెడుతుంటే టెన్షన్‌గా ఉంటుంది. లెక్క వేసి చూద్దాం. పైపులోంచి గంటకు 200 ఘనపు మీటర్ల గాలి వస్తోంది, 38 డిగ్రీల గాలి 28కి దిగింది అనుకోండి. అది దాదాపు 680 వాట్ల చల్లదనం. ఒక టన్ను ఏసీ ఇచ్చేది 3,500 వాట్లు. అంటే ఐదో వంతు. కానీ ఊపిరికి ఎలాగూ బయటి గాలి కావాలి కదా, ఆ గాలి వేడి మోసుకురాకుండా వస్తోంది, అదీ ఒక చిన్న ఫ్యాను కరెంటుతో. ఎర్త్ ట్యూబ్ విలువ అక్కడుంది.

పగటికీ రాత్రికీ ఉండే తేడా మట్టిలో అర మీటరు దాటి దిగదు. ఎండాకాలం, చలికాలం తేడా ఇంకా లోతుకు వెళ్తుంది గానీ, దిగేకొద్దీ పలచబడి, ఆలస్యంగా చేరుతుంది. కింద మట్టి ఆ ప్రాంతపు ఏడాది సగటు ఉష్ణోగ్రతకు దగ్గరగా ఉండిపోతుంది. మీ దగ్గర సగటు 12 డిగ్రీలైతే వేసవిలో హాయి. 28 అయితే గాలి దానికి బాగా కిందికి దిగదు, ఎంత పొడవు పైపు వేసినా.

పైపు ప్లాస్టిక్‌దా, లోహందా అని జనం చాలా వాదిస్తారు. దాంతో పెద్ద తేడా రాదు. వేడి ఆగిపోయేది పైపు గోడ దగ్గర కాదు, చుట్టూ ఉన్న మట్టిలో. పొడి ఇసుక కంటే తడి బంకమట్టి వేడిని బాగా లాక్కుంటుంది. ఆపకుండా నడిపితే పైపు చుట్టూ మట్టే వేడెక్కిపోతుంది. రాత్రి చల్లగాలి పంపి దాన్ని మళ్లీ చల్లార్చాలి.

ఇక అసలు సమస్య, నీళ్లు. చల్లటి చెంబుకు బయట చెమ్మ పట్టినట్టే, తేమ గాలి చల్లటి పైపులోకి వెళ్తే లోపల బొట్లు కడుతుంది. ఆ నీళ్లు నిలిస్తే బూజు, ఆ బూజు మీదుగా వచ్చిన గాలే పిల్లలు పీల్చేది. ఇక్కడ రాజీ పడకండి. పైపు లోపల నున్నగా ఉండాలి, మడతల పైపు వద్దు. మీటరుకు ఒకటి రెండు సెంటీమీటర్ల వాటం ఇవ్వాలి, కింది కొసన నీళ్లు బయటికి పోయే దారి ఉండాలి, లోపల చూసి కడగడానికి మూత ఉండాలి. గాలి తీసుకునే చోట ఫిల్టర్, పురుగులు రాకుండా మెష్. కీళ్లు గట్టిగా మూయండి, లేకపోతే భూగర్భ జలం, కొన్ని నేలల్లో రాడాన్ (మట్టిలోంచి వచ్చే రేడియోధార్మిక వాయువు, ఊపిరితిత్తులకు హాని) లోపలికి వస్తాయి. ఫ్యాను లోపలికి నెట్టేలా మొదట్లోనే పెడితే, చిన్న లీకున్నా గాలి బయటికే పోతుంది.

బయట వాతావరణం హాయిగా ఉన్న రోజుల్లో పైపు పని లేదు, గాలిని నేరుగా తీసుకునే బైపాస్ ఒకటి పెట్టించండి.

గాలిలో తేమ ఎక్కువుండే చోట ఉంటే మాత్రం నేను గాలి పైపు వేయమని చెప్పను. అదే గోతిలో సన్నటి నీళ్ల పైపు పాతి, ఒక చిన్న పంపుతో ఆ నీళ్లు తిప్పి, ఇంట్లోకి గాలి వచ్చే చోట ఆ నీళ్లు పారే కాయిల్ (గొట్టం చుట్ట) పెట్టుకోండి. తడి చేరేది కాయిల్ కింద ట్రేలో, అది మీ కళ్ల ముందే ఉంటుంది, గుడ్డతో తుడవొచ్చు.