పులివేషం ఎవరిదో తెలియాలి
(బరంపురంలో తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు నమస్కారం. వెనక వరసలో ఫోను ఒళ్ళో దాచుకుని ఆడుతున్న తమ్ముళ్ళకూ నమస్కారం. నా మాటలు ముఖ్యంగా మీకే.

మా మేనల్లుడు తొమ్మిదో తరగతి. పోయిన వేసవిలో ఒక షూటింగ్ ఆట ఎక్కించుకున్నాడు. మొదటి మ్యాచ్‌లోనే పదకొండు మందిని కొట్టి, "మావయ్యా, చూడు!" అని గెంతాడు. పక్కన కూర్చుని చూశాను. ఎదురొచ్చినవాడు బయలు మధ్యలో నిలబడిపోయి, వీణ్ణి వదిలేసి గోడకి నాలుగు తూటాలు కాల్చాడు. ఇంకొకడు వీడు ఎదురుగా ఉన్నా అలా నడిచి వెళ్ళిపోయాడు. "ఒరేయ్, వీళ్ళు మనుషులు కార్రా, బాట్లు, మనిషిలా ఆడే ప్రోగ్రాంలు" అన్నాను. వాడి మొహం వాడిపోయింది. అప్పటినుంచి గెలిచినప్పుడల్లా "ఇది నిజం గెలుపేనా?" అని నన్నే అడుగుతాడు. అనవసరంగా నోరు జారానేమో అనిపించింది కూడా.

కంపెనీవాళ్ళకి బాట్లు ఎందుకో నాకు అర్థమవుతుంది. అర్ధరాత్రి దాటాక మ్యాచ్‌కి సరిపడా జనం దొరకరు. కొత్తగా వచ్చినవాడు వరసగా ఓడిపోతే మర్నాడు ఆట తీసేస్తాడు. బాట్లను పెట్టుకోనీండి. చెప్పకుండా పెట్టడమే నాకు నచ్చనిది.

రెండేళ్ళకోసారి మన ఠాకురాణీ యాత్రలో పులివేషాలు చూస్తాం కదా. ఒళ్ళంతా చారలు పూసుకుని ఎగురుతుంటే చంటిపిల్లలు జడుసుకుంటారు, అయినా అది వేషమని ఊరందరికీ తెలుసు. అదే పులి మన వేషం కట్టి మన పంక్తిలో కూర్చుంటే ఊరుకుంటామా?

లీచెస్ అని ఉచితంగా చదరంగం ఆడుకునే సైటు ఉంది. 2018లో బాట్లకి తలుపు తీసింది, కానీ ఉత్తినే కాదు. పేరు ముందు బాట్ అని ముద్ర పడుతుంది. ఒక్క ఆట కూడా ఆడని కొత్త ఖాతానే బాట్‌గా మార్చాలి, మార్చాక వెనక్కి తిప్పుకోలేరు. అంటే నిన్నటిదాకా మనిషిగా తెచ్చుకున్న ర్యాంకుని యంత్రానికి కట్టబెట్టడం కుదరదు.

2019లో గూగుల్ వాళ్ళ ఏఐ సంస్థ డీప్‌మైండ్, ఆల్ఫాస్టార్ అనే తన ఆటాడే ప్రోగ్రాంని స్టార్‌క్రాఫ్ట్ 2 అనే యుద్ధం ఆటలో మామూలు ఆటగాళ్ళ మధ్యకి దింపింది. సరేనని ముందే ఒప్పుకున్నవాళ్ళతోనే ఆడింది, దాని చేతివేగానికి కూడా హద్దు పెట్టారు. ఏ మ్యాచ్‌లో ఎదురుపడేది అదేనో మాత్రం చెప్పలేదు. పరిశోధన కాబట్టి సరిపెట్టుకుందాం. రోజూ ఆడే ఆటలో అంతమాత్రం అనుమతి చాలదు, ఎదుటివాడెవడో ఆ మ్యాచ్‌లోనే తెలియాలి.

ఇక మనవాళ్ళు నడిపే బాట్లు. తను పడుకుని, ఆటలోని తన ఐడీని తెల్లవార్లూ ప్రోగ్రాంకి అప్పగించి ఆటలోని నాణేలు పోగేసేవాళ్ళు. వాటిని ఆపాల్సిందే. ఇందులో తిరకాసు వేరే. మా వీధిలో ఒకమ్మాయి ఆటలో ఒకే అడవిలో ఒకే చెట్టు గంటల తరబడి కొడుతుంది, అది ఆమె పద్ధతి. ఒక పొద్దున ఐడీ మూసేశారు, ఆటోమేటిక్ ప్రోగ్రాం వాడావని. వాళ్ళమ్మ "ఏం దొంగతనం చేశావే?" అని నిలదీసింది. అప్పీలు పెడితే రెండు నిమిషాల్లో ముద్ర కొట్టిన జవాబే మళ్ళీ వచ్చింది. బాట్‌వని మనిషి మీద నేరం మోపింది ఒక యంత్రం, విచారించిందీ యంత్రమే! ఐడీ మూసేముందు ఒక మనిషి చూడాలన్నది నియమాల్లో ఉండాలి.

ఆన్‌లైన్‌లో డబ్బులు పెట్టే ఆటల గొడవ 2025లో వచ్చిన కేంద్ర చట్టం తేల్చేసింది, వాటిని నిషేధించింది. రమ్మీ బల్ల దగ్గర ఎదుటివాడు మనిషా కాదా అనే టెన్షన్ అక్కడితో తీరిందనుకుందాం. మన పిల్లలు ఎక్కువగా ఆడేది ఊరికే ఆడే ఆటలు. పోయేది డబ్బు కాదు కాబట్టి పెద్దలెవరూ అడగరు.

నేను అడిగేది పెద్ద కోరిక కూడా కాదు. మ్యాచ్ అయ్యాక లెక్క రెండు గళ్ళలో వెయ్యండి: బాట్లు తొమ్మిది, మనుషులు ఇద్దరు. మా మేనల్లుడు ఆ ఇద్దరి గురించే నాకు గంటసేపు చెప్పుకుంటాడు.