నీళ్లొచ్చినయ్, ఇప్పుడన్నా ఊరికి పోదాం

(డిసెంబర్ 17, పెన్షనర్ల దినోత్సవం నాడు నల్లగొండల చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. స్టేజీ మీదున్న పెద్దలకు, ముందు వరసల కూసున్న అన్నలకు, కుడిపక్క కూసున్న అక్కచెల్లెళ్లకు, నిన్న రాత్రి దాకా కుర్చీలు మోసిన మన సంఘం తమ్ముళ్లకు, దేవరకొండ నుంచి మిర్యాలగూడ నుంచి పొద్దుగాల్నే బస్సెక్కి వచ్చినోళ్లకు, అందరికీ పేరుపేరునా దండాలు. నాకిచ్చిన టాపిక్ నకారా తీర్పు. 1982ల ఇదే రోజు సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీలు కూసొని చెప్పిండ్రు, పెన్షన్ అంటే సర్కారు దయతలిచి ఇచ్చేది కాదు, చేసిన నౌకరీకి మనకు రావాల్సిన హక్కు అని. దాని గురించి ఇందాక సార్లు మంచిగ చెప్పిండ్రు, నేను మళ్ల చెప్ప. ఆ హక్కుగ వచ్చే పైసలతోటి ఎక్కడ బతుకుదాం అన్నది నేను మాట్లాడుత, పది నిమిషాలు ఓపిక పట్టుండ్రి.

2021ల మన తెలంగాణల సర్కారు నౌకర్ల రిటైర్‌మెంట్ వయసు 58 నుంచి 61కి పెంచిండ్రు కదా, మూడేండ్లు వయసు నిండి దిగేటోళ్లే లేకుండే. 2024 మార్చి నుంచి మళ్ల నెలనెలా సన్మానాలే. ఏ సన్మానానికి పోయినా శాలువా కప్పినంక అడిగే మొదటి మాట ఒక్కటే, "హైదరాబాద్‌ల ఫ్లాట్ తీసుకున్నవా సారూ?" లేదంటే "బిడ్డ దగ్గరికి అమెరికా పోతున్నవా?" ఊరికి పోత అన్నోడిని మాత్రం పాపం అన్నట్టు చూస్తరు. ఊర్ల ఏముంది సార్ అంటరు.

పిల్లలు అక్కడుండి, మనుమల్ని చూసుకునే పని ఉంటే పోండ్రి. డయాలసిస్ ఉన్నోళ్లు, గుండె ఆపరేషన్ అయినోళ్లు పెద్దాసుపత్రి దగ్గర ఉండాల్సిందే, వాళ్లతోటి నాకు వాదం లేదు. కానీ ఊర్ల ఏముంది అనేటోళ్లతోటి నాకు వాదం ఉన్నది, ఎందుకంటే మనం ఊరు ఎందుకు ఇడిచిపెట్టినమో మర్చిపోయినం.

మాది మునుగోడు దిక్కు. మా నాయినకు నలభై ఐదేండ్లు దాటకముందే మెడ తిరగకపోయేది. ఎనుకనుంచి ఎవరన్నా పిలిస్తే మనిషికి మనిషే తిరిగి చూసేటోడు. డాక్టర్ గడ్డం ఛాతికి ఆనించు అంటే ఆనకపోయేది, వంగి కాలివేళ్లు ముట్టుకో అంటే చేతులు మోకాళ్లకాడ్నే ఆగేటియి. ఫ్లోరిన్. తాగే నీళ్లల్ల అది లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటొద్దని లెక్క, మా బోర్లల్ల దానికి ఎన్నో రెట్లు ఉండేది. ఆ నీళ్లల్ల పప్పు పొద్దంతా పొయ్యి మీద పెట్టినా ఉడకకపోయేది. నేను టీచర్‌గ మొదట పనిచేసిన బడిల పిల్లలు నవ్వాలంటే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేటోళ్లు, పండ్లు గోధుమరంగు గీతలు. పటిక, సున్నం ఏసి ఫ్లోరైడ్ తీసే పద్ధతి ఒకటి 1970లల్ల నాగపూర్‌ల పర్యావరణ పరిశోధన చేసే నీరి సంస్థ వాళ్లు కనిపెట్టిండ్రు, దానికి ప్రపంచం పెట్టిన పేరు నల్లగొండ టెక్నిక్. మన జిల్లా పేరు పుస్తకాలకు ఎక్కింది ఈ నీళ్లతోటి.

1996 పార్లమెంట్ ఎలక్షన్‌ల పోలింగ్ డ్యూటీ చేసినోళ్లు ఎంతమంది ఉన్నరు, చేతులెత్తుండ్రి! చూసిండ్రా, ఎన్ని చేతులో. మంచినీళ్లకోసం కొట్లాడిన జలసాధన సమితి, దాన్ని నడిపిన దుశర్ల సత్యనారాయణ గారు పిలుపిస్తే ఫ్లోరిన్ ఊర్ల నుంచి జనం నామినేషన్లు ఏసిండ్రు, మొత్తం 480 మంది పోటీల ఉన్నరు, ఎలక్షనే వాయిదా ఏయాల్సొచ్చింది. బ్యాలెట్ పేపర్ పోయి బ్యాలెట్ పుస్తకం వచ్చింది. నా బూత్‌ల ఒక అవ్వ ఆ పుస్తకం పట్టుకొని ఒక్కో పేజీ తిప్పుతున్నది, తిప్పుతున్నది, లైన్ల జనం గొడవ పెడుతున్నరు, ఏందవ్వా అంటే "నీళ్లకోసం నిలబడ్డోళ్లు ఇందుల ఎక్కడున్నరు బిడ్డా" అన్నది. ప్రిసైడింగ్ ఆఫీసర్‌ను, ఏం చెప్పొద్దు నేను. ఆ పుస్తకాలు మడతలు పెట్టి డబ్బాల ఎయ్యడానికి మేం పడ్డ తిప్పలు చేతులెత్తిన అన్నలకు తెలుసు. ఇంకో సంగతి చెప్పాలె. ఆ తర్వాత 2004ల మన జిల్లా అక్కంపల్లి రిజర్వాయర్ నుంచి కృష్ణ నీళ్లు పైపులేసి హైదరాబాద్‌కు తీసుకపోయిండ్రు. మన జిల్లా నేల మీద నుంచి పోయినయి ఆ పైపులు, మా ఊర్లల్ల అవ్వలు మాత్రం బిందె పట్టుకొని మంచినీళ్ల బాయి ఏడున్నదా అని తిరుగుతనే ఉన్నరు. ఇది నేను ఏ మీటింగ్‌ల అయినా చెప్త, విన్నోళ్లు మళ్ల వినుండ్రి. ఫ్లోరిన్ బాధితుడు శివన్నగూడెం అంశల స్వామి ఒంకరబోయిన ఒళ్లుతోటి ఎన్ని వేదికలెక్కిండు నీళ్లకోసం! 2023 జనవరిల చనిపోయిండు.

2015 జూన్‌ల చౌటుప్పల్ల ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ పథకం పైలాన్ వేసిండ్రు. తర్వాత మా ఊరికి కృష్ణ నీళ్లు నల్లాల వచ్చినయ్. ఇప్పుడు బడికి పోయే పిల్లల పండ్లు తెల్లగున్నయి, నేను కావాలని పోయి చూసొచ్చిన. 480 మంది ఏ నీళ్లకోసం నిలబడ్డరో ఆ నీళ్లొచ్చినంక, చదువుకొని నౌకరీలు చేసి దిగిన మనమే ఊర్ల ఏముంది అంటే ఎట్ల సార్?

పోయే ముందు మాత్రం చూసుకోవాలె. నల్లా నీళ్లు రోజూ వస్తున్నయా, పైపు పగిలితే ఎన్ని దినాలకు బాగుచేస్తున్నరు అని సర్పంచ్‌ను అడుగుండ్రి. అవి రానినాడు బోరు నీళ్లు తాగొద్దు. ఎండకాలం ఒక నెల ఉండి చూడుండ్రి, సంక్రాంతికి పోతే ప్రతి ఊరూ మంచిగనే కనపడ్తది. ఇంకా ముఖ్యమైంది, ఇంట్ల ఆమెను అడిగిండ్రా? మా ఇంటామె కోడలుగ వచ్చి ఆ ఊర్ల నీళ్లు మోసి మోసి అలసిపోయిన మనిషి, ఊరు మాట ఎత్తితే కస్సుమనేది. ఆమె మోకాళ్లు వంగవు, పాత ఇంట్ల బాత్‌రూం వాకిట్ల ఆ చివర ఉండే, రాత్రిపూట చీకట్ల ఎట్ల పోతదని నాకెందుకు తట్టాలె, ఆమెకు తట్టింది. పడకగదికి ఆనుకొని కుర్చీ కమోడ్, గోడకు పట్టుకునే రాడ్డు, ఎత్తు గడప తీసేసి సాపు నేల, ఇవి అయినంకనే వస్త అన్నది. చేయించిన, వచ్చింది. ఇప్పుడు సాయంత్రమైతే ఆమె అరుగు మీద నలుగురు వదినెలు, నాకు టీ అడిగే సందు దొరకది. కుడిపక్క అక్కలూ, మీరు మీ ఇంట్లోళ్లకు గట్టిగ చెప్పుండ్రి.

ఇల్లు పిల్లల పేరు మీద రాసేటోళ్లకు ఒక మాట. గిఫ్ట్ డీడ్‌ల "మమ్మల్ని చూసుకోవాలె" అన్న షరతు రాయించుండ్రి. 2007 సీనియర్ సిటిజన్ల చట్టం సెక్షన్ 23 ఉన్నది, ఆ షరతు తప్పితే ఆర్డీవో దగ్గరి ట్రిబ్యునల్‌కు పోయి రద్దు చేయించుకోవచ్చు. కట్టకముందే ఫ్లాట్ అమ్ముతం, ప్రీలాంచ్ అని బ్రోచర్ పట్టుకొని వచ్చేటోళ్లకు గ్రాట్యుటీ పైసలు ఇయ్యకుండ్రి, రెరా నంబర్, అంటే సర్కారు దగ్గర ఆ ప్రాజెక్టు రిజిస్ట్రేషన్ నంబర్, అడుగుండ్రి, లేదంటే మర్యాదగా చాయ్ తాపి పంపుండ్రి.

టైం అయిపోయిందని అధ్యక్షుల వారు చూస్తున్నరు, ఆఖరి సంగతి. ఊరికి పోదామంటే నన్ను మస్తుమంది అడిగేది, రాత్రి రెండు గంటలకు ఛాతిల నొప్పొస్తే ఎట్ల అని. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. నల్లగొండల 2019 నుంచి మెడికల్ కాలేజీ ఉన్నది, కానీ మారుమూల ఊరి నుంచి అక్కడికి రావడానికే గంట, 108 వచ్చేదాకా ఇంకొంత. పెన్షన్ ఏ బ్యాంకుల అయినా పడ్తది, లైఫ్ సర్టిఫికెట్ ఫోన్ల ముఖం చూపెడితే పోతది, నీళ్లు వచ్చినయ్, మిగిలింది రాత్రిపూట డాక్టర్. మధ్యాహ్నం చదివే తీర్మానాలల్ల డీఏ, బకాయిలు, హెల్త్ కార్డ్ ఉన్నయి, అన్నీ ఉండాల్సిందే. వాటి కింద ఇంకొకటి రాయమని సెక్రటరీ గారిని అడుగుతున్న: మండలానికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంల రాత్రంతా డాక్టర్, ఈసీజీ మిషన్, ఒక అంబులెన్స్ ఉండాలె. ఒప్పుకునేటోళ్లు ఇప్పుడే చేతులెత్తుండ్రి, సెక్రటరీ గారు లెక్క పెట్టుకుంటరు.