రిప్పుల్ లెక్క ఎక్కడ తప్పుతోంది?

అందరికీ నమస్కారం. స్లైడ్లు పెద్దగా లేవు, స్కోప్, అంటే కరెంటు అలల్ని తెర మీద గీసే పరికరం, చూపిస్తూ మాట్లాడతాను.

చుట్లు కొలిచే ఎన్‌కోడర్ లేదు, హాల్ సెన్సర్ లేదు, అయినా బ్రష్ మోటర్ ఎన్ని చుట్లు తిరిగిందో కరెంటు చూసి చెప్పాలి. కారు సీట్లు, కిటికీ అద్దాలు, స్మార్ట్ లాక్‌లు, ఇలాంటి చోట్ల పనికొచ్చే పద్ధతి ఇది. రోటర్ ఇరుసు మీద కమ్యుటేటర్ అనే రాగి పలకల వలయం ఉంటుంది, దానికి రాసుకుంటూ కరెంటు అందించేది బ్రష్. బ్రష్ ఒక కమ్యుటేటర్ సెగ్మెంట్, అంటే ఒక పలక, మీంచి పక్కదాని మీదకి జారినప్పుడల్లా కరెంటులో చిన్న అల వస్తుంది, దాన్నే రిప్పుల్ అంటాం. చిన్న మోటర్లలో ఎక్కువగా మూడు సెగ్మెంట్లు, రెండు బ్రష్‌లు ఉంటాయి. అంటే చుట్టుకి ఆరు రిప్పుళ్లు, మూడు కాదు. సెగ్మెంట్ల సంఖ్య బేసి అయితే రెట్టింపు వస్తాయి, సరి అయితే ఎన్ని సెగ్మెంట్లో అన్నే. నిమిషానికి 6000 చుట్లు తిరిగితే సెకనుకి 600 రిప్పుళ్లు. మీ లెక్క కచ్చితంగా సగమో రెట్టింపో వస్తుంటే ముందు ఇది సరిచూడండి, ఫిల్టర్ల జోలికి వెళ్లకండి.

కౌంట్ తప్పుతోంది అనగానే మనవాళ్లు చేసే మొదటి పని డ్రైవర్ చిప్ (మోటర్‌ని నడుపుతూ రిప్పుళ్లు లెక్కపెట్టేది) రిజిస్టర్లు, అంటే సెట్టింగులు, తెరిచి థ్రెషోల్డ్ (ఎంత ఎత్తు దాటిన అలని రిప్పుల్‌గా లెక్కించాలో ఆ గీత) అటూ ఇటూ జరపడం. నన్నడిగితే అది చివరి పని. ముందు మోటర్‌ని 10 చుట్లు తిప్పండి, తర్వాత 500 చుట్లు తిప్పండి. రెండింటికీ అవే నాలుగు రిప్పుళ్లు తేడా వస్తే గొడవ స్టార్టింగ్‌లోనో ఆగే దగ్గరో ఉన్నట్టు. దూరంతో పాటు తేడా పెరుగుతుంటే పరుగు మధ్యలో ఉన్నట్టు. చల్లగా ఉన్నప్పుడు బాగుండి అరగంట నడిచాక తప్పితే, వేడి.

స్టార్టింగ్ చూద్దాం. 6 వోల్టులు, 2 ఓములు అనుకోండి, మొదటి క్షణంలో కరెంటు 3 ఆంపియర్ల దాకా లేచి, తర్వాత 0.2కి దిగుతుంది. మనం వెతికే అల ఆ 0.2 మీద ఎక్కడో కొన్ని పదుల మిల్లీఆంపియర్లు, అంతే. బస్సు ఎక్కే తోపులాటలో కండక్టర్ తలకాయలు లెక్కపెట్టినట్టే ఉంటుంది డ్రైవర్ చిప్ పని. డ్యూటీ, అంటే మోటర్‌కి వోల్టేజీ ఆన్‌లో ఉండే సమయపు వాటా, నెమ్మదిగా పెంచితే చాలావరకు సర్దుకుంటుంది, కానీ మరీ నెమ్మదైతే రిప్పుళ్ల మధ్య ఎడం పెరిగి, డీసీని, అంటే అలల కింద ఉండే స్థిరమైన కరెంటుని, తీసేయడానికి పెట్టిన హైపాస్ ఫిల్టరే (నెమ్మది మార్పుల్ని ఆపేది) వాటినీ మింగేస్తుంది.

ఆగే దగ్గర ఇంకో తిరకాసు. కోస్ట్‌లో, అంటే బ్రేక్ వేయకుండా, వదిలేస్తే బ్రిడ్జ్ (మోటర్‌కి కరెంటు ఇచ్చే స్విచ్‌ల జట్టు) తెరుచుకుంటుంది, కరెంటు పోతుంది, రోటర్ మాత్రం ఊపు మీద ఇంకో రెండు చుట్లు తిరిగేస్తుంది. ఆ రెండు చుట్లూ ఏ ఆల్గారిథమూ చూడలేదు. అందుకే బ్రేక్ వేయండి, మోటర్ షార్ట్ అయి కరెంటు పారుతుంది, అలలూ ఉంటాయి. అయితే కరెంటు కొలిచే మీ షంట్ రెసిస్టర్ బ్రిడ్జ్ కింద, గ్రౌండ్ వైపు ఉంటే ఆ కరెంటు కింది రెండు మాస్‌ఫెట్ స్విచ్‌ల మధ్యే చుట్టు కొడుతుంది, షంట్ దాకా రానే రాదు! లోపలే కరెంటు కొలిచే డ్రైవర్ అయినా, ఎదురు దిశ కరెంటు చూపిస్తుందో లేదో డేటాషీట్‌లో చూసుకోండి.

వేడి సంగతి. వోల్టేజీ లోంచి ఐఆర్ డ్రాప్ (కరెంటు ఇంటూ నిరోధం) తీసేసి, మిగిలిన బ్యాక్ ఈఎంఎఫ్‌ని, అంటే తిరిగే మోటరే పుట్టించే ఎదురు వోల్టేజీని, బట్టి వేగం అంచనా కట్టి, దాంతో ఫిల్టర్‌ని సర్దుకునే డ్రైవర్లున్నాయి. రాగి నిరోధం డిగ్రీకి సుమారు 0.39 శాతం పెరుగుతుంది. ఆ మోటరే లోడ్ మీద 1 ఆంపియర్ లాగుతూ 60 డిగ్రీలు వేడెక్కితే 2 ఓములు 2.47 అవుతాయి. అసలు బ్యాక్ ఈఎంఎఫ్ 3.53 వోల్టులే, డ్రైవర్ మాత్రం ఇంకా 4 అనుకుంటుంది, అంటే వేగం 13 శాతం ఎక్కువ చెబుతుంది, ఫిల్టర్ తప్పు చోట కూర్చుంటుంది. నిరోధం విలువ చల్లటి మోటర్ మీద ఒక్కసారి కొలిచి రాసేయకండి.

పరుగు మధ్యలో తప్పితే పీడబ్ల్యూఎం, అంటే వోల్టేజీని వేగంగా ఆన్ ఆఫ్ చేయడం, ఆపేసి, నేరుగా డీసీ ఇచ్చి చూడండి. తప్పు పోతే అది స్విచింగ్ గోల, మోటర్ టెర్మినల్స్ మీద కెపాసిటర్ పెద్దదైతే ప్రతి అంచు దగ్గరా కరెంటు ముల్లు లేస్తుంది. పోకపోతే బ్రష్‌లని అనుమానించండి. ఇదిగో స్కోప్ మీద అరిగిన మోటర్ ఒకటి: ఆరు అలల్లో ఒకటి పొట్టిగా ఉంది, చూశారా, థ్రెషోల్డ్ దాని నెత్తి మీంచి పోతోంది. చుట్టుకి ఆరు బదులు ఐదే వస్తున్నాయి. థ్రెషోల్డ్ దించితే అది దొరుకుతుంది గానీ పక్కనున్న నాయిస్ కూడా రిప్పుల్ అయిపోతుంది. ఇలాంటిదానికి చేయగలిగింది ఒకటే, మెకానికల్ స్టాప్, అంటే కదలిక ఆగే చివరి అడ్డు, తగిలిన ప్రతిసారీ కౌంట్ సున్నా చేసుకోవడం.

మోటర్ ఇక్కడే తిరుగుతుంటుంది, ముందుకొచ్చి నాబ్ తిప్పి చూడండి, ఈలోగా ప్రశ్నలుంటే అడగండి.