మేకుల పీపా నుంచి హంసల బండి దాకా

అందరికీ నమస్కారం.

అనిమే, అంటే జపాన్ యానిమేషన్‌లో, మంత్రశక్తితో రూపం మారే అమ్మాయిల కథలను మ్యాజికల్ గర్ల్ కథలంటారు. వాటిలో హీరోయిన్‌కు పోటీగా నిలిచే రైవల్ అమ్మాయి గురించి మాట్లాడతానని వచ్చి, జర్మనీ జానపద కథలు పోగుచేసిన గ్రిమ్ సోదరుల కథతో మొదలుపెడుతున్నాను. ఈ కథ తెలియకపోతే తర్వాత చెప్పేదంతా గాలిలో వేలాడుతుంది.

కథ పేరు "తెల్ల పెళ్లికూతురు, నల్ల పెళ్లికూతురు". ఒక తల్లి, ఆమె కూతురు, సవతి కూతురు పొలంలో గడ్డి కోస్తుంటే దేవుడు బీదవాడి వేషంలో వచ్చి దారి అడుగుతాడు. తల్లీ కూతుళ్లు విసుక్కుంటారు. సవతి కూతురు వెంట వెళ్లి దారి చూపిస్తుంది. దేవుడు ఆ ఇద్దరినీ రాత్రంత నల్లగా అయిపొమ్మని శపించి, ఈ పిల్లకు పగటి తెలుపు ఇస్తాడు. రాజు ఆమె బొమ్మ చూసి మనసు పడతాడు. పెళ్లికి వెళ్తుంటే సవతి తల్లి ఆమెను బండిలోంచి నదిలోకి తోసేసి, తన కూతురిని రాజు పక్కన కూర్చోబెడుతుంది. నదిలో పడ్డ పిల్ల తెల్ల బాతుగా మారి, రాత్రిళ్లు తూములోంచి రాజుగారి వంటింట్లోకి ఈదుకుంటూ వచ్చి అక్కడి సంగతులు అడిగి వెళ్తుంటుంది. చివరికి రాజు కత్తితో బాతు మెడ నరికితే మళ్లీ అమ్మాయవుతుంది. తల్లీ కూతుళ్లకు శిక్ష, మేకులు దిగగొట్టిన పీపా. వాళ్లను అందులో పెట్టి గుర్రంతో ఈడ్పిస్తారు.

కథలో రంగు చేసే పని గమనించారు కదా. నలుపు ఇక్కడ శిక్ష, తెలుపు బహుమతి. పెళ్లి ప్రకటనల్లో "ఫెయిర్" అనే మాట చూస్తూ పెరిగిన మనకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇప్పుడు ఒక ప్రశ్న. ఆ నల్ల పెళ్లికూతురు ఏం కోరుకుంది? రాజును ప్రేమించిందా? అమ్మ చేసిన పని ఆమెకు ఇష్టమేనా? కథలో జవాబు లేదు. ఆమె ఒక మనిషి కూడా కాదు, హీరోయిన్ కూర్చోవాల్సిన కుర్చీలో కూర్చున్న అడ్డంకి మాత్రమే. జానపద కథల అంతర్జాతీయ సూచికలో ఈ రకం కథకు 403 అని సంఖ్య ఉంది. ఏ దేశపు కథ తీసుకున్నా దొంగ పెళ్లికూతురి పరిస్థితి దాదాపు ఇంతే. దొరికిపోతుంది, చస్తుంది, మనం చప్పట్లు కొడతాం. నా ఉద్దేశంలో మ్యాజికల్ గర్ల్ అనిమేలోని రైవల్ అమ్మాయి ఈమె వంశంలోదే. తేడా ఏమిటంటే, ఆమె వైపు కథ ఏమిటని అనిమే అడగడం మొదలుపెట్టింది.

ఈ మార్పు మొదట స్టేజీ మీద వచ్చింది. చైకోవ్‌స్కీ "స్వాన్ లేక్" బ్యాలే 1877లో మాస్కోలో మొదటిసారి ఆడింది. మనం ఇప్పుడు చూసే రూపం మాత్రం 1895లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పెటిపా, ఇవానోవ్ అనే నృత్య దర్శకులు కలిసి తయారుచేసింది. రాకుమారుడు హంసగా మారిన ఒడెట్‌కు మాట ఇస్తాడు. మాంత్రికుడు తన కూతురు ఒడీల్‌ను అచ్చం ఒడెట్‌లాగే తయారుచేసి విందుకు తెస్తాడు. రాకుమారుడు మోసపోయి ఆమెకు ప్రమాణం చేస్తాడు. దొంగ పెళ్లికూతురి కథే ఇది. కానీ 1895లో ఒడెట్‌గానూ ఒడీల్‌గానూ నాట్యం చేసింది ఒకే మనిషి, ఇటలీకి చెందిన పియెరీనా లెన్యానీ. ఒంటికాలి మీద 32 సార్లు గిర్రున తిరిగే ఆ ప్రసిద్ధ ఘట్టం ఆమె పెట్టింది ఒడీల్ పాత్రలోనే. ఇప్పటికీ ఆ ఘట్టానికి హాలు దద్దరిల్లుతుంది. అంటే జనం పెద్ద చప్పట్లు కొట్టేది మోసగత్తెకే! "నల్ల హంస" అనే పేరు, ఆ నల్ల దుస్తులు స్థిరపడింది ఆ తర్వాతి శతాబ్దంలో.

ఇక జపాన్‌కు వద్దాం. గ్రిమ్ కథల అనువాదం అక్కడ 1887లోనే పుస్తకంగా వచ్చింది కాబట్టి ఈ కథలు వాళ్లకు తాతల నాటివి. మ్యాజికల్ గర్ల్ సీరియల్స్ 1966లో "సాలీ"తో మొదలయ్యాయి. 1974లో వచ్చిన "మజొక్కో మెగు-చాన్"లో మంత్రలోకపు రాణి పదవికి మెగుతో పాటు నాన్ అనే మరో అమ్మాయి కూడా పోటీ పడుతుంది. ఆ సీరియల్ 72 ఎపిసోడ్లు నడిచింది. దీని వెనుక ఒక వ్యాపార కారణం కూడా ఉంది. అరగంటలో చెప్పి ముగించే కథలో రైవల్‌ను పీపాలో పెట్టి దొర్లించేయొచ్చు. వారం వారం వచ్చే సీరియల్‌లో ఆమెను బతికించుకోవాలి. అన్ని వారాలు ఎదురుగా ఉండే మనిషికి ఏదో ఒక మనసు పెట్టక తప్పదు. సానుభూతి పుట్టింది కొంత కళ వల్ల, కొంత టీవీ షెడ్యూల్ వల్ల అంటే మీలో కొందరికి కోపం రావచ్చు.

"సైలర్ మూన్" మొదటి సిరీస్‌లో, 1992లో, ఇంకా పాత పద్ధతే. క్వీన్ బెరిల్‌కు రాకుమారుడు ఎండిమియన్ కావాలి. అతని మనసు మార్చి తన పక్కన నిలబెట్టుకుంటుంది, చివరికి నాశనమవుతుంది. అదే కథ 1996కి వచ్చేసరికి వేరుగా నడిచింది. క్వీన్ నెహెలీనియా అద్దంలో తన ముసలితనం చూసి బెదిరిపోయిన రాణి, అంటే స్నో వైట్ కథలోని రాణి. ఆమె అద్దం పగిలి, ఒక ముక్క హీరో మమోరు (ఆ ఎండిమియనే ఈ జన్మలో ఇతను) కంట్లో పడుతుంది. అతను మారిపోయి ఆమె వశమవుతాడు, సైలర్ మూన్‌గా మారే హీరోయిన్ ఉసాగి అతన్ని వెతుక్కుంటూ వెళ్తుంది. ఇది డెన్మార్క్ రచయిత ఆండర్సన్ 1844లో రాసిన "మంచు రాణి". అక్కడా అద్దం ముక్క కై అనే పిల్లాడి కంట్లో పడుతుంది, అతని స్నేహితురాలు గెర్డా వెతుక్కుంటూ వెళ్తుంది. రెండు కథల రాణుల్ని ఒకే మనిషిలో కలిపారు. ఆ తర్వాత ఆ రెండు కథలూ చేయని పని చేశారు: ఆమె చిన్నతనం చూపించారు. చుట్టూ జనం, స్నేహితులు మాత్రం లేరు. ఉసాగి ఆమె మీద జాలిపడుతుంది. నెహెలీనియా మళ్లీ చిన్నపిల్లయి జీవితం మొదటినుంచి మొదలుపెడుతుంది. ఇది మరీ మెత్తని ముగింపని విసుక్కునేవాళ్లు ఉన్నారు. మేకుల పీపా కంటే నాకు ఇదే నయం.

"సైలర్ మూన్" మొదటి సిరీస్ దర్శకుడు సాతో జునిచి, దానికి బొమ్మలు గీసిన ఇతో ఇకుకో కలిసి 2002లో "ప్రిన్సెస్ టుటు" తీసుకొచ్చారు. 26 ఎపిసోడ్లు. మీరు ఒక్కటే చూడగలిగితే ఇదే చూడండి. పేరులో "ప్రిన్సెస్" ఉందని, పోస్టర్‌లో గౌనుందని చిన్నపిల్లలదనుకుని వదిలేసినవాళ్లు చాలామంది.

కథ ఇలా సాగుతుంది. ఒక రచయిత కథ పూర్తి చేయకుండానే చనిపోతాడు. ఆ కథలోని రాకుమారుడు, రాకాసి కాకి బయటి ఊళ్లోకి వచ్చేస్తారు. కాకిని బంధించడానికి రాకుమారుడు తన గుండెనే ముక్కలు చేసుకుంటాడు. అతనే మ్యూటో, ఏ భావమూ లేకుండా తిరిగే కుర్రాడు. అతన్ని కాపలా కాసే కుర్రాడి పేరు ఫకీర్. (మన మాయల ఫకీరుకు ఇతనికీ చుట్టరికం లేదు లెండి.) హీరోయిన్ అహిరు అసలు ఒక బాతు. చచ్చిపోయిన ఆ రచయిత ఇచ్చిన లాకెట్‌తో అమ్మాయవుతుంది, ప్రిన్సెస్ టుటుగా మారి గుండె ముక్కలు ఏరి తెస్తుంది. ప్రేమిస్తున్నానని నోటితో చెప్పిందా, వెలుగు చుక్కై మాయమైపోతుంది.

రైవల్ పేరు రూ. డ్యాన్స్ స్కూల్లో అందరికంటే బాగా చేస్తుంది, మ్యూటోకు గర్ల్‌ఫ్రెండ్. నల్ల ఈకల దుస్తుల్లో ప్రిన్సెస్ క్రేహెగా మారుతుంది. పైపైన చూస్తే ఒడీలే. కానీ ఆమె పక్కన నిలబడి ఒకసారి చూడండి. గుండె లేని మ్యూటో ఆమె అడిగినప్పుడల్లా "నిన్ను ప్రేమిస్తున్నాను" అంటాడు. అది ఖాళీ మాటని ఆమెకు తెలుసు, అయినా అదే ఆమెకున్న ఆస్తి. టుటు ఒక్కో ముక్క తిరిగి ఇస్తుంటే మ్యూటోకు భయం, బాధ, ఇష్టం వస్తుంటాయి. అవి రూ వైపు తిరగవేమోనని ఆమె టెన్షన్. రూ లెక్కలో దొంగ పెళ్లికూతురు టుటుయే!

పైగా ఆమె కాకి కూతురినని నమ్మి పెరిగింది. నువ్వు వికారంగా ఉంటావు, నిన్ను మనుషులెవరూ ప్రేమించరు అని కాకి ఆమెకు నూరిపోసింది. చివర్లో తెలిసేది, ఆమె కాకులు ఎత్తుకొచ్చిన మనిషి బిడ్డ అని. గ్రిమ్ కథలో అమ్మ నీడలో కనిపించకుండా పోయిన నల్ల పెళ్లికూతురికి ఇక్కడ ఒక ఇల్లు, ఒక పెంపకం, ఒక అబద్ధం వచ్చాయి.

ముగింపు ఇంకా ధైర్యమైంది. రాకుమారుడి కోసం రూ తనను తాను కాకికి అప్పగించుకుంటుంది. గుండె నిండిన మ్యూటో ఆమెను విడిపించి, తన రాకుమారి రూ అని చెప్పి, హంసల బండిలో తీసుకెళ్తాడు. చివరి గుండె ముక్క అహిరు లాకెట్‌లోనే ఉంది. అది ఇచ్చేస్తే ఆమె మళ్లీ బాతే. ఇచ్చేస్తుంది. గ్రిమ్ కథలో బాతు రాణి అయింది, నల్ల పెళ్లికూతురు చచ్చింది. ఇక్కడ నల్ల పెళ్లికూతురు రాణి అయింది, బాతు బాతుగానే చెరువుకు వెళ్లింది. ఆ పాత కథ చూసే రాశారని నేను అనను. అయితే రెండూ పక్కపక్కన పెడితే ఒకటి మరొకదానికి జవాబు చెప్తున్నట్టే ఉంటుంది.

"నానోహా" గురించి రెండు మాటలు చెప్పి వెళ్తాను. 2004లో వచ్చిన ఈ సిరీస్‌లో హీరోయిన్ నానోహాది నవ్వుతూ తుళ్లుతూ ఉండే ఇల్లు. రైవల్ ఫేట్‌ను ఆమె తల్లి ప్రెషియా కొరడాతో కొట్టి పనికి తోలుతుంది. సిండరెల్లా స్థానంలో ఉన్నది రైవల్, హీరోయిన్ కాదు. ఇంకో ముచ్చట: గ్రిమ్ వాళ్ల 1812 నాటి మొదటి ప్రచురణలో స్నో వైట్‌ను చంపించాలనుకున్నది కన్నతల్లే. 1819 ప్రచురణలో సవతి తల్లిగా మార్చారు. ప్రెషియా ఆ మార్పుకు ముందున్న తల్లిలా ఉంటుంది.

చివరగా 2011 నాటి "మడోకా మాజికా". ఇందులో సయాకా అనే అమ్మాయి కథ ఆండర్సన్ జలకన్యదే, రాకుమారుడి కోసం గొంతు ఇచ్చేసి ఆ మాట అతనికి చెప్పుకోలేకపోయిన జలకన్యది. ప్రేమించిన కుర్రాడి చెయ్యి బాగుపడాలని తన ఆత్మనే ఇచ్చేసి మ్యాజికల్ గర్ల్ అవుతుంది, చేసింది తానేనని చెప్పుకోలేదు. చివరికి ఆమె మారే మంత్రగత్తె రూపం కూడా జలకన్యే. రైవల్ అనగానే అందరూ ఎర్రజుట్టు క్యోకో పేరు చెప్తారు. నేను సయాకా స్నేహితురాలు హితోమి పేరు చెప్తాను. ఆమెకూ ఆ కుర్రాడంటేనే ఇష్టం. ఆండర్సన్ కథలో రాకుమారుడు పెళ్లాడిన రాకుమారి ఏ తప్పూ చేయలేదు, జలకన్య సంగతే ఆమెకు తెలియదు. హితోమి ఇంకో మెట్టు పైనే. సయాకాకు కూడా అతనంటే ఇష్టమని పసిగట్టి, నా మాట చెప్పేలోపు నీకు ఒక రోజు ఇస్తాను, నువ్వే ముందు చెప్పు అంటుంది. అంత న్యాయంగా ఆడిన రైవల్ నాకు ఇంకెక్కడా కనిపించలేదు. అయినా సయాకా కూలిపోతుంది. రైవల్‌ను అర్థం చేసుకుంటే కథ సుఖాంతమవుతుందని టుటు చూశాక మనకొక ఆశ కలుగుతుంది కదా, ఈ సిరీస్ ఆ ఆశను తుంచేస్తుంది. విచిత్రం ఏమిటంటే 12 ఎపిసోడ్లలో ఒక్కటి కూడా హితోమి వైపు నుంచి సాగదు. ఎవరైనా ఆ ఎపిసోడ్ రాస్తే నేను చదవడానికి రెడీ.

ఇక మీ ప్రశ్నలు అడగండి.