పోగు తెగితే సాంచా ఆపేదెవరు?

నమస్తే. అన్నలకు, అక్కలకు, తమ్ముళ్లకు, చెల్లెళ్లకు అందరికీ నమస్తే. వరంగల్ నుంచి మాట్లాడుతున్నాను.

మా నాన్న సిరిసిల్లలో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద పనిచేశారు. చిన్నప్పుడు నేను ఆయనకు సద్ది తీసుకుని షెడ్డుకు వెళ్లేవాడిని. ఆ చప్పుడులో మాట వినపడదు, అంతా సైగలే. ఒకరోజు పడుగులో పోగులు తెగుతూనే ఉన్నాయి. నాన్న సాంచా ఆపడం, ముడి వేయడం, మళ్లీ నడపడం. అంతలో యజమాని వచ్చి, "ఎందుకు ఆపినవ్?" అని అడిగారు. నూలు బాగాలేదని నాన్న చెప్పబోయారు, ఆయన వినలేదు. పోగు ఎందుకు తెగుతోంది అని మాత్రం అడగలేదు. నాన్నకు కూలీ నేసిన మీటర్ల లెక్కన. సాంచా ఆగితే ఆయనకూ నష్టమే.

ఈ వీడియో ఆ రెండు ప్రశ్నల గురించే. "ఎందుకు ఆపినవ్?" అన్నది ఒకటి, "పోగు ఎందుకు తెగింది?" అన్నది ఇంకోటి.

ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, మన పిల్లలకు తూర్పు దేశాల పని, పడమటి దేశాల పని, రెండు దారులూ దగ్గరకొచ్చాయి. గీసుగొండ, సంగెం వైపు కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కులోకి కొరియా కంపెనీ వచ్చింది. ఇటు మడికొండ ఐటీ పార్కులో కూర్చుని అమెరికా క్లయింట్లకు పనిచేసేవాళ్లున్నారు. తూర్పు దేశాల మేనేజ్‌మెంట్ మంచిదా, పడమటి దేశాలదా అని నన్ను చాలామంది అడుగుతున్నారు.

పడమర నుంచి మొదలుపెడదాం. అమెరికాలో ఫ్రెడరిక్ టేలర్ అనే ఇంజనీరు ఉండేవారు. బెత్లెహెం స్టీల్ కంపెనీలో కూలీలు ఇనుప దిమ్మెలు మోసి రైలు డబ్బాల్లోకి ఎక్కించేవాళ్లు. ఒక్కో దిమ్మె 92 పౌన్లు, అంటే దాదాపు 42 కిలోలు. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాలెత్తే హమాలీ అన్నలకు ఆ బరువు సంగతి నేను చెప్పక్కర్లేదు. మనిషి రోజుకు పన్నెండున్నర టన్నులు మోస్తుంటే, టేలర్ స్టాప్‌వాచ్ పట్టుకుని ఎప్పుడు ఎత్తాలో, ఎప్పుడు కూర్చోవాలో లెక్క గట్టి దాన్ని 47 టన్నులు చేశానని రాశారు. కూలీ మాత్రం 1.15 డాలర్ల నుంచి 1.85 డాలర్లకు పెరిగింది. పని నాలుగింతలకు దగ్గర, కూలీ ఒకటిన్నర రెట్లు దాటింది, అంతే. 1911లో ఆయన సిద్ధాంతం పుస్తకంగా వచ్చింది. అదే ఏడాది వాటర్‌టౌన్ ఆయుధ కర్మాగారంలో స్టాప్‌వాచ్ వద్దని కార్మికులు సమ్మె చేశారు.

టేలర్ మాటల్లో నాకు న్యాయంగా అనిపించేది కూడా ఉంది. పనికి కొలత ఉండాలి, ఎక్కువ చేసినవాడికి ఎక్కువ ఇవ్వాలి అన్నారు. కొలత లేని చోట మేస్త్రీ మాటే చట్టం అవుతుంది, అది ఇంకా అన్యాయం. కానీ ఆలోచన అంతా ఆఫీసులో, చేతులు మాత్రం షెడ్డులో అని ఆయన విడగొట్టారు. నాకు నొప్పి అనిపించేది అక్కడే. మా నాన్నకు నూలు గురించి తెలిసినంత ఆ యజమానికి తెలియదు.

ఇక తూర్పు. ఇది నాకు మరీ దగ్గరి కథ, ఎందుకంటే ఇదీ మగ్గం దగ్గరే మొదలైంది. జపాన్‌లో సకిచి టొయోడా ఒక వడ్రంగి కొడుకు. అమ్మ నేత నేస్తుంటే చూస్తూ పెరిగారు. జీవితమంతా మగ్గాన్ని బాగుచేయడం మీదే పెట్టారు. 1924లో ఆయన తెచ్చిన ఆటోమేటిక్ మగ్గానికి ఒక గుణం ఉంది, పోగు తెగితే దానంతట అదే ఆగిపోతుంది. నేతపని తెలిసినవాళ్లకు దీని విలువ వెంటనే తెలుస్తుంది. పోగు తెగాక కూడా నడిస్తే గుడ్డంతా గీత పడుతుంది, ఆ గుడ్డ ఎవడూ కొనడు. మగ్గం తానే ఆగుతుంది కాబట్టి మనిషి దానికి కాపలా కాయక్కర్లేదు, ఒక్కడే ఎన్నో మగ్గాలు చూసుకోవచ్చు. 1929లో ఇంగ్లండ్‌కు చెందిన ప్లాట్ బ్రదర్స్ కంపెనీ ఆ మగ్గం హక్కులను లక్ష బ్రిటిష్ పౌన్లకు కొనడానికి ఒప్పందం చేసుకుంది. సకిచి కొడుకు కిచిరో కార్ల పని మొదలుపెట్టారు. అదే టయోటా.

తర్వాత ఆ కార్ల ఫ్యాక్టరీలో తైచి ఓనో అనే ఆయన మగ్గం గుణాన్ని మనుషులకు తెచ్చారు. ఆయన కూడా మొదట టొయోడా వాళ్ల నూలు మిల్లులో చేరినవారే. లైనులో పనిచేసే మనిషికి ఏదైనా తప్పు కనిపిస్తే తాడు లాగుతాడు. సూపర్‌వైజర్ పరుగెత్తుకొస్తాడు. అప్పటికప్పుడు సరిచేయలేకపోతే లైను ఆగుతుంది. వచ్చినవాడు తిట్టకూడదు. "ఎందుకైంది" అని అడగాలి, జవాబు వస్తే దానికి మళ్లీ ఎందుకు అని, అట్లా ఐదుసార్లు. తాడు లాగినవాడి మీద కోపం వచ్చిన రోజు ఆ పద్ధతి చచ్చినట్టే.

అయితే దీన్ని పూర్తిగా తూర్పు గొప్పతనం అనడం సరికాదు. 1950లో జపాన్ ఇంజనీర్లకు నాణ్యత లెక్కలు నేర్పింది అమెరికా గణాంక శాస్త్రవేత్త ఎడ్వర్డ్స్ డెమింగ్. జపాన్ ఆయన పేరు మీద 1951 నుంచి బహుమతి ఇస్తోంది. మన దేశంలో దాన్ని మొదట అందుకున్నది సుందరం క్లేటన్ కంపెనీ, 1998లో.

ఇప్పుడు అసలు పరీక్ష. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్ ప్లాంటు ఒకటి ఉండేది. రోజూ చాలామంది పనికి రారు, ఫిర్యాదులు కుప్పలు. 1982లో మూసేశారు. 1984లో టయోటా, జనరల్ మోటార్స్ కలిసి అదే షెడ్డును మళ్లీ తెరిచాయి. ఎక్కువమంది పాత కార్మికులే, యూనియన్ కూడా అదే. చాలామందిని జపాన్ పంపి పని చూపించారు, చేతికి తాడు ఇచ్చారు. పెద్దగా ఆలస్యం కాకుండానే అక్కడి కార్లు జపాన్ కార్లతో పోటీపడే నాణ్యతకు వచ్చాయి. పనికిరానివాళ్లని పేరుపడ్డ అవే చేతులు! ఇది చదివిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు. మన దగ్గర "లేబర్ మంచిగ లేరు" అని ఎంతమంది యజమానులు అంటారో లెక్కలేదు.

కానీ జనరల్ మోటార్స్ ఆ తాడును తన వేరే ప్లాంట్లలో కట్టినప్పుడు అంత ఫలితం రాలేదు. తాడైతే కట్టారు, లాగితే ఊరుకునే మేనేజర్లు లేరు.

జపాన్‌లో ఇంకో అలవాటు ఉంది, నెమవాషి అంటారు. చెట్టును వేరే చోట నాటే ముందు వేర్ల చుట్టూ మట్టిని సిద్ధం చేయడం అని అర్థం. మీటింగు పెట్టకముందే ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి మాట్లాడి ఒప్పిస్తారు. మనకు కొత్తేం కాదు. పెళ్లి ఖాయం చేసుకునే రోజు అందరూ కూర్చున్నాక ఎవరూ కొత్త మాట తీయరు, మాటలన్నీ ముందే అయిపోతాయి. అందుకే అక్కడ నిర్ణయానికి టైం పడుతుంది, పని మాత్రం వేగంగా నడుస్తుంది. కొరియా పెద్ద కంపెనీల్లో మాత్రం పైనుంచి మాట వస్తే వెంటనే కదలడం ఎక్కువ. తూర్పు అంతా ఒక్కటే అనుకుని ఉద్యోగంలో చేరకండి.

ఇక నేను గట్టిగా చెప్పాలనుకున్న మాట. మన దగ్గర చాలా దుకాణాల్లో, జిన్నింగ్ మిల్లుల్లో "నువ్వు మా ఇంటి మనిషివి" అంటారు. పండక్కి బట్టలు పెడతారు, బిడ్డ పెళ్లికి చేబదులు ఇస్తారు. అది నిజమైన ప్రేమే కావచ్చు, నేను కాదనను. అయితే ఆ మాట వెనుక పీఎఫ్ లేదు, అపాయింట్‌మెంట్ లెటర్ లేదు, ఎదురు చెప్పే హక్కు లేదు. దాన్నే మనం తూర్పు పద్ధతి అనుకుంటున్నాం. టయోటాలో ఆ నమ్మకం ఊరికే రాలేదు. 1950లో కంపెనీ దివాలా అంచుకు వచ్చి మనుషులను తీసేస్తే పెద్ద సమ్మె జరిగింది, బాధ్యత తీసుకుని కిచిరో తానే రాజీనామా చేశారు. పర్మినెంట్ వాళ్ల ఉద్యోగం పోదనే భరోసా ఆ తర్వాత గట్టిపడింది. ఆ భరోసా ఉంటేనే మనిషి తాడు లాగుతాడు. ఉద్యోగం పోతుందని టెన్షన్ ఉన్నవాడు తప్పు చూసి కూడా తల తిప్పుకుంటాడు.

జపాన్‌లోనూ ఈ రోజు మూడో వంతుకు పైగా ఉద్యోగులు రెగ్యులర్ కాదు. జపాన్ కంపెనీ సుజుకి మారుతితో కలిసి మన దేశానికి వచ్చినప్పుడు మేనేజరుకూ కార్మికుడికీ ఒకే యూనిఫాం, ఒకే క్యాంటీన్ అని గొప్పగా చెప్పుకున్నాం. అదే మారుతి సుజుకి మానేసర్ ప్లాంటులో 2012 జులైలో గొడవ జరిగి ఒక మేనేజరు ప్రాణం పోయింది. కాంట్రాక్టు కార్మికుల జీతాల తేడా అక్కడి పెద్ద ఫిర్యాదుల్లో ఒకటి. ఒకే క్యాంటీన్‌లో పక్కపక్కన తింటున్నా, ఒకడికి ఉన్న భరోసా ఇంకొకడికి లేదు. మన సింగరేణిలో దసరా ముందు పర్మినెంట్ కార్మికులకు లాభాల వాటా ఇస్తారు, కాంట్రాక్టు కార్మికులకు 2024లో ఐదు వేల బోనస్ ఇచ్చారు. బొగ్గు పని ఇద్దరిదీ.

వచ్చే వీడియోకు మీ సహాయం కావాలి. 1934లో మొదలైన మన అజంజాహి మిల్లులో పనిచేసిన పెద్దలు ఇంకా వరంగల్‌లో ఉన్నారు. మీ తాతో, మీ పెదనాన్నో అందులో పనిచేసి ఉంటే నాకు చెప్పండి. అక్కడ పోగు తెగితే మగ్గం ఆపే అధికారం ఎవరికి ఉండేది, ఆపితే ఏమనేవాళ్లు అని వాళ్లనే అడగాలని ఉంది. కెమెరా తీసుకుని నేనే మీ ఇంటికి వస్తాను.