రాక్షసుడి భార్య ఏమైపోయింది?

అందరికీ నమస్కారం. పిల్లల కథలు తిరగరాసేవాళ్ళు, చెప్పేవాళ్ళు ఇక్కడ ఎక్కువమంది ఉన్నారు కాబట్టి ఉపోద్ఘాతం జోలికి పోను. నేరుగా ఒక దొంగతనంతో మొదలుపెడతాను.

చిక్కుడు తీగ ఎక్కిన జాక్ కథ మీకు తెలుసు. జోసెఫ్ జేకబ్స్ 1890లో అచ్చువేసిన ఇంగ్లీషు పాఠాన్ని కాస్త నిదానంగా చదవండి. ఆకలితో వచ్చి నిలబడ్డ కుర్రాడికి రాక్షసుడి భార్య రొట్టె, జున్ను, పాలు ఇస్తుంది. మొగుడి అడుగుల చప్పుడు వినపడగానే పొయ్యిలో దాచిపెడుతుంది. ఆ మొగుడు మగపిల్లల్ని కాల్చుకుతినే రకం, అందులో అనుమానం లేదు. వాడు నిద్రలోకి జారగానే జాక్ బంగారు నాణేల సంచీతో ఉడాయిస్తాడు. నాణేలు అయిపోయాక మళ్ళీ వెళ్ళి బంగారు గుడ్లు పెట్టే కోడిని పట్టుకొస్తాడు.

మరి మూడోసారి ఎందుకు వెళ్ళాడు? కోడి అడిగినప్పుడల్లా గుడ్డు పెడుతూనే ఉంది. ఇంట్లో కరువు లేదు. కథ ఏ సంజాయిషీ ఇవ్వదు. తృప్తి లేదు, వెళ్ళాడు, అంతే. ఈసారి ఆవిడ కంట పడకుండా లోపలికి దూరి వేరేచోట నక్కుతాడు. మనిషి వాసన వస్తోందని మొగుడు గర్జిస్తే, ఆ దొంగ వెధవే అయితే పొయ్యిలో ఉంటాడు చూడమని ఆవిడే చెబుతుంది. ఏ పొయ్యిలో దాచి ప్రాణం కాపాడిందో ఆ పొయ్యినే ఇప్పుడు చూపిస్తోంది. జాక్ ఎత్తుకుపోతున్న బంగారు వీణ కూడా ‘అయ్యగారూ, అయ్యగారూ’ అంటూ యజమానిని కేకేస్తుంది. జాక్ తీగ నరికేస్తాడు, రాక్షసుడు పడి చస్తాడు, జాక్‌కి రాకుమారితో పెళ్ళవుతుంది. ఆ భార్య ఏమైందో ఒక్క మాట ఉండదు.

ఈ కథే 1807లో బెంజమిన్ టాబర్ట్ వేసిన పాఠంలో ఎలా ఉందో చూడండి. అక్కడ జాక్‌కి ఒక దేవత కనిపించి, ఆ రాక్షసుడు మీ నాన్నని చంపి సొత్తంతా దోచుకున్నాడని చెబుతుంది. దాంతో దొంగతనం కాస్తా బాకీ వసూలైపోయింది. వీరుడికి మచ్చ లేదు, పెద్దలకి ఇబ్బంది లేదు. జేకబ్స్ ఆ దేవతని పక్కనపెట్టి, చిన్నప్పుడు తాను విన్న పద్ధతిలో కథ చెప్పాడు. నా ఓటు ఆయనకే. దేవత వచ్చాక మూడో ప్రయాణం గురించి అడగడానికి పిల్లలకి ఏమీ మిగలదు.

కథకి ఇలా మచ్చలు తుడిచే జబ్బు ఇంగ్లీషువాళ్ళదే అనుకోకండి. పంచతంత్రంలో దమనకుడనే నక్క ఏం చేశాడు? సింహానికీ ఎద్దుకీ మధ్య చాడీలతో చిచ్చుపెట్టాడు. పింగళకుడు తన ప్రాణస్నేహితుడైన సంజీవకుణ్ణి చంపేశాడు. చివరికి దమనకుడికి దక్కింది మంత్రి పదవి! రాకుమారులకి నీతి నేర్పడానికని చెప్పిన కథ ఇది. 8వ శతాబ్దంలో ఇబ్న్ అల్ ముఖఫ్ఫా అరబీలోకి తెచ్చిన పాఠంలో కొత్తగా ఒక అధ్యాయం చేరింది. అందులో ఆ నక్క మీద విచారణ జరుగుతుంది, శిక్ష పడుతుంది, చస్తుంది కూడా. చదివేవాడికి ఊరట, ఒప్పుకుంటాను. కానీ కొలువుల్లో చాడీలు చెప్పేవాళ్ళు నిక్షేపంగా పైకొస్తారన్న నిజాన్ని విష్ణుశర్మ దాచలేదు. అరబీ పాఠం దాచింది.

సవతితల్లుల సంగతి ఇంకా అన్యాయం. జర్మన్ జానపద కథలు పోగేసిన గ్రిమ్ సోదరులు 1812లో వేసిన మొదటి కూర్పులో స్నోవైట్‌ని చంపించబోయింది కన్నతల్లే. 1819 కూర్పుకి ఆవిడ సవతితల్లి అయిపోయింది. హాన్సెల్, గ్రెటెల్ అనే అన్నాచెల్లెళ్ళని అడవిలో వదిలేద్దామన్న తల్లి కూడా 1840 నాటికి సవతితల్లిగా మారింది. కన్నతల్లి పరువు నిలబడింది. ఆ బరువంతా సవతితల్లి నెత్తిన పడింది, ఇప్పటికీ మోస్తూనే ఉంది.

ఇవాళ్టి తిరగరాతల్లో నాకు కనిపించే చిక్కు కూడా ఇదే. ఇప్పుడు సాకు వీరుడికి కాదు, విలన్‌కి ఇస్తున్నాం. ఏ మంత్రగత్తెని చూసినా చిన్నప్పుడో గాయం, ఓ ద్రోహం. నిద్రపోయే రాకుమారి కథని 2014లో శాపం పెట్టినావిడ వైపు నుంచి సినిమాగా తీశారు. పాత కథలో రాజు ఒక దేవతని పిలవకుండా వదిలేసిన తండ్రి, అంతకుమించి ఏమీ కాదు. సినిమాలో అదే రాజు సింహాసనం కోసం ఆవిడ రెక్కలు కోసుకెళ్ళిన దుర్మార్గుడు. ఆవిణ్ణి కడగడానికి ఆయన్ని ముంచారు. కథలో చెడ్డవాళ్ళ లెక్క మారలేదు, కుర్చీలో మనిషి మారాడు. దీన్ని లోతైన పాత్రచిత్రణ అని మెచ్చుకోవడం నాకు చేతకాదు. కారణం చెప్పడం వేరు, వెనకేసుకురావడం వేరు. ఉయ్యాలలోని పసిబిడ్డని శపించింది ఆవిడే కదా. ఆ పని అలాగే ఉంచి, ఆవిడ మీద జాలి కలిగించగలిగితే అదీ రచయిత పనితనం.

నాలుగేళ్ళ పిల్లకి ఇదంతా చెప్పమనడం లేదు. ఆ వయసులో రాక్షసుడు రాక్షసుడిగానే ఉండాలి, చచ్చిపోవాలి, పిల్ల దుప్పటి కప్పుకుని నిద్రపోవాలి. నేను మాట్లాడుతున్నది ‘మరి అలా చేయొచ్చా?’ అని అడగడం మొదలుపెట్టిన పిల్లల గురించి.

వాళ్ళ కోసం హాన్సెల్, గ్రెటెల్ కథలోని తండ్రిని చూడండి. నా లెక్కలో ఆయన మంత్రగత్తె కన్నా కష్టమైన పాత్ర. మంత్రగత్తె పిల్లల్ని తినాలనుకుంది, పొయ్యిలో కాలి చచ్చింది, లెక్క సరిపోయింది. ఈయన పిల్లల్ని ప్రేమించాడు, అయినా పెళ్ళాం పోరు పడలేక అడవిలో వదిలేసి వచ్చాడు. అదీ ఒక్కసారి కాదు. పిల్లలు మంత్రగత్తె ఇంటి నుంచి రత్నాలూ ముత్యాలూ మూటకట్టుకుని తిరిగొస్తారు. వాళ్ళు పోయినప్పటినుంచీ ఆయనకి సంతోషమన్నది లేదని 1812 పాఠం చెబుతుంది. ఆ వాక్యంలోనే, ఆయన ఇక డబ్బున్నవాడయ్యాడనీ చెబుతుంది. శిక్ష లేదు, క్షమాపణ అడగడం లేదు. పశ్చాత్తాపమూ, లాభమూ పక్కపక్కనే.

తిరగరాసేవాళ్ళు ఇక్కడే తడబడతారు. ఒకరు తండ్రి చేత పేజీన్నర ఏడిపిస్తారు. ఇంకొకరు ఆయనకి పెళ్ళాం మందుపెట్టిందంటారు. మీరు రాసేటప్పుడు ఆ పశ్చాత్తాపమూ, ఆ లాభమూ ఎలా ఉన్నాయో అలాగే ఉంచి చూడండి. ‘మళ్ళీ ఆయన దగ్గరికే ఎందుకు వెళ్ళారు?’ అని ఏ పిల్లాడైనా అడిగితే, జవాబు మీరే ఇచ్చేయకండి, నువ్వైతే ఏం చేసేవాడివని అడగండి. ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతారు, పోట్లాడుకుంటారు, పోట్లాడుకోనివ్వండి. మీలోనూ నాతో పోట్లాడాలనుకునేవాళ్ళు ఉండే ఉంటారు. ముఖ్యంగా ఆ సినిమా నచ్చినవాళ్ళు. మైకు వాళ్ళకే ముందు ఇద్దాం.